రేకు మీద బాణం

రేకుల మేస్త్రి భార్య పోయి ఎనిమిది నెలలైంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ అతని పనిలో వేలు పెట్టింది ఒక్క విషయంలోనే. దుకాణానికి వచ్చిన ప్రతి కొత్త రేకు మీదా మేకుతో ఓ బాణం గీసేది. రేకును ఎటు చుట్టాలో చెప్పే బాణం అది. "రేకు ఒకటే కదే, ఎటు చుడితే ఏం?" అని అతను. "నేను గీసినట్టు చుట్టండి" అని ఆవిడ. ముప్పై ఏళ్లూ ఆవిడే గెలిచింది.

ఆవిడ గీసి వెళ్లిన ఆఖరి రేకు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. బేకరీ ఆవిడ రెండు బస్తాల పిండి పట్టే డబ్బా కావాలంటే మేస్త్రి దాన్నే బయటికి తీశాడు. బాణం ప్రకారం చుడితే చుట్టుకొలత ఆరడుగులు, ఎత్తు మూడు. మేస్త్రి బాణాన్ని చూసి నవ్వాడు. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్లు లేరు. రెండోవైపుకి చుట్టాడు. చుట్టుకొలత మూడు, ఎత్తు ఆరు. రివిట్లు కొట్టి, అడుగున రేకు బిగించి పక్కన నిలబడితే తనకంటే అరడుగు పొడవుంది.

"డబ్బా అడిగాను మేస్త్రీ, పొగగొట్టం కాదు," అంది బేకరీ ఆవిడ, అతను దాన్ని బేకరీలోకి మోసుకెళ్లగానే.

"మూలన ఒదుగుతుందమ్మా. చోటు కలిసొస్తుంది."

"రెండు బస్తాలూ పట్టకపోతే ప్లాస్టిక్ డ్రమ్ము కొనుక్కుంటా. ఇక మీ గడప తొక్కను."

అందరూ ప్లాస్టిక్‌కి పోయాక మేస్త్రికి మిగిలిన పెద్ద బేరం ఈ బేకరీ ఒక్కటే. అదీ పోతే దుకాణం మూసేసి రోజంతా ఇంట్లో కూతురి ఎదుట కూర్చోవాలి. కూతురు లెక్కల టీచరు. ఎదురుగా కూర్చుంటే లెక్కలు చెబుతుంది.

స్టూలెక్కి, బక్కెట్లతో తనే పోశాడు. మొదటి బస్తా పట్టింది. రెండోది సగం కాకుండానే పిండి అంచు దాటి, స్టూలు దిగుతున్న అతని నెత్తిన పడింది.

"మీ పిండి పొంగే రకంలా ఉందమ్మా."

"పొంగేది పొయ్యిలో మేస్త్రీ, బస్తాలో కాదు! అడుగున ఉన్నది తియ్యాలంటే నేను తలకిందులుగా దూకాలా? రేపు పొద్దున వరకూ చూస్తా. అంతే."

సాయంత్రం తలుపు తీసిన కూతురు నోరు తెరిచింది. "నాన్నా, ఏంటీ వేషం?"

సంగతంతా విని, ఒకే కొలతవి రెండు కాగితాలు కత్తిరించింది. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా చుట్టింది. పొట్టిదాని లోపల పొడుగుది నిలబెట్టి, నిండా బియ్యం పోసి, పొడుగుదాన్ని పైకి లాగేసింది. బియ్యం జారి, పొట్టిదాంట్లో సగానికే వచ్చి ఆగాయి.

"చుట్టుకొలత రెట్టింపైతే అడుగు నాలుగింతలవుతుంది నాన్నా. ఎత్తు సగానికి తగ్గినా, పట్టేది రెట్టింపు."

"కాగితం సంగతి వేరు. రేకు సంగతి వేరు."

"ఇది నాకు అమ్మ నేర్పింది. ఇదే బల్ల మీద."

"మరి నాకెందుకు చెప్పలేదూ?"

"చెప్పబోయిందట. రేకు ఒకటే కదే అన్నావట."

మేస్త్రి తల దులుపుకున్నాడు. బల్ల నిండా పిండి రాలింది.

తెల్లవారకముందే బేకరీకి వెళ్లి, పిండి తోడేసి, డబ్బాను దుకాణానికి మోసుకొచ్చాడు. రివిట్లు కోసి రేకును సాపు చేశాడు. లోపలివైపున్న బాణంలో పిండి దూరి, ఇప్పుడే గీసినంత తెల్లగా ఉంది. "సరేలే," అన్నాడు విసుగ్గా. ఈసారి బాణం బయటికి కనిపించేలా, అది చెప్పినట్టే చుట్టాడు. పాత రివిట్ల రంధ్రాలు అంచుల మడతలోకి పోయాయి. అడుక్కి మాత్రం నాలుగింతల రేకు పట్టింది. దానికీ భార్యనే తిట్టుకున్నాడు.

రెండు బస్తాలూ పోశాక ఇంకా జానెడు ఖాళీ మిగిలింది. బేకరీ ఆవిడ స్టూలు అవసరం లేకుండానే వంగి పిండి తీసింది. తీసి, రేకు వైపు అనుమానంగా చూసింది.

"ఈ గీతేంటి మేస్త్రీ? పాత రేకా?"

"కొత్తదే. రేకుల్లో అలాంటివి వస్తుంటాయి."

"రుద్దితే పోదా?"

"రుద్దొద్దు."

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పిండి చేతులు దులుపుకుని అంది, "సరే, పంచదారకి ఇంకోటి చెయ్యండి. గీత లేకుండా."

"గీత లేకుండా నాకు రాదమ్మా," అన్నాడు మేస్త్రి.