ఎనిమిదింట ఏడు

పున్నమ్మ కడుపు కడిగే గొట్టాన్ని వేడినీళ్ల బకెట్టులోంచి తీసి, బారుగా సాగదీసి, తీగకు ఆరవేసింది. యాభై ఆరేళ్ల పొట్టి మనిషి. స్ట్రెచర్లు తోసి తోసి ఎడమ భుజం కిందికి జారింది. సబ్బుసోడాకు వేళ్ల సందులు పగిలి తెల్లని గీతలు పడ్డాయి. అత్యవసర వార్డులో ఇరవై నాలుగేళ్లుగా ఆయా. కాంట్రాక్టర్లు నలుగురు మారారు. ఆమె నీలం చీర మారలేదు.

చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. పురుగుమందు తాగి వచ్చిన వారిని అడగవలసిన ఎనిమిది ప్రశ్నలు అందులో ఉన్నాయి. మనిషి స్వభావంలోనే వైకల్యం ఉన్నదేమోనని అనుమానించడానికి అవి పనికివస్తాయి. అనుమానానికే, తీర్పుకు కాదు. డాక్టరు రోగిని ఒంటరిగా అడగాలని పైన ఇంగ్లీషులో అచ్చయి ఉంది. డాక్టరు ఆ పని నర్సుకు అప్పగించాడు. నర్సు, చేతిరాత గుండ్రంగా ఉందని, పున్నమ్మకు అప్పగించింది. గొంతు పూడిన రోగి ఏం చెబుతుందని పున్నమ్మ పక్కన నిలబడ్డవారిని అడుగుతుంది. అది ఆ వార్డు ఆనవాయితీ. అందులో తప్పు ఎవరికీ కనిపించలేదు.

కిటికీ పక్క మంచం మీద వీరదుర్గ పడుకుని ఉంది. ఇరవై ఆరేళ్లు. పాలకాయతిప్ప దగ్గరి పల్లె, చేపలమ్ముతుంది. నిన్న కడుపు కడిగినప్పుడు గొట్టం ఒరుసుకుని గొంతు పోయింది. పక్కన ఆమె అత్త నాంచారమ్మ.

"కోపం తొందరగా వస్తుందా అండి?"

"తొందరగానా? అసలు దిగితే గదండీ! మా కోడలు నోరు తెరిస్తే సముద్రప్పోటు కూడా వెనక్కి పోద్ది."

చుట్టుపక్కల మంచాల వాళ్లు నవ్వారు. పున్నమ్మ కూడా నవ్వి టిక్కు పెట్టింది.

"మనుషుల్ని నమ్ముతుందా?"

"కట్టుకున్నోడినే నమ్మదు. వాడు కొట్టిన చెయ్యి చూత్తది గానీ, తెచ్చిన కూర చూడదు."

నమ్మదు. మరో టిక్కు.

"ముందూ వెనకా చూసుకోకుండా పనులు చేస్తుందా?"

"ఇక్కడ పడుంది, కనపడతల్లేదా అండి?"

వీరదుర్గ తల అడ్డంగా ఊపింది. పున్నమ్మ చూసింది. చూసి, తరువాతి ప్రశ్న చదివింది. ఎనిమిదింట ఏడు.

అత్త టీకి వెళ్లగానే వీరదుర్గ పున్నమ్మ కుచ్చిళ్లు పట్టుకుంది. గాలి మాత్రమే మిగిలిన గొంతుతో అంది:

"ఇంటికి పంపకండక్కా. రెండ్రోజులు ఉంచండి. అక్కడికెళ్తే మళ్లీ ఇదే చేస్తాను."

 గుడివాడలో పున్నమ్మ అత్త కూడా ఆమెను మొండిఘటమనీ, అనుమానపు పీనుగనీ పదిమందిలో వర్ణించేది. ఒక పగటిపూట చేతిసంచీతో బయలుదేరి, పామర్రులో బస్సు మారి బందరు చేరిన నాటినుంచి ఆమె ఎవరి గుమ్మమూ తొక్కలేదు, ఎవరినీ నమ్మలేదు. ఆ కాగితం ప్రకారం తనకు ఆరు వస్తుందని ఎప్పుడో చూసుకుంది. తనను ఎవరూ అడగలేదు గనుక ఉద్యోగం నిలిచింది.

ఆమె డాక్టరు అనిల్ కుమార్ దగ్గరికి వెళ్లింది. అతడు చెడ్డవాడు కాదు. ఉదయం నుంచి కూర్చోలేదు.

"బాబుగారూ, కిటికీ పక్క పిల్ల ఉంటానంటోందండి. ఆ జవాబులు దానివి కావండి, అత్తగారివి."

"ఏడొచ్చిందమ్మా. వాళ్ల స్వభావమే అంత. ఉంచుకుంటే ఇదే అలవాటవుతుంది. అయినా మంచాలెక్కడున్నాయి?" అని ఆగి, ఆమెను చూశాడు. "అత్తగారివని నీకెలా తెలుసు? ఇది నువ్వు రాశావా?"

కాగితం కింద నర్సు సంతకం ఉంది. ఆయా రాసినట్టు తేలితే రేపటినుంచి పని ఉండదు.

"నేను రాయలేదండి," అంది పున్నమ్మ.

మధ్యాహ్నం మూడింటికి వీరదుర్గను పంపించారు. చీటీ మీద 'స్వభావ వైకల్యం. ప్రాణాపాయం లేదు' అని ఉంది. అత్త ముందు, ఆమె వెనక నడిచి వెళ్లారు. అప్పుడే తడిగుడ్డ పెట్టిన గుమ్మంలో అడుగులు పడ్డాయి. పున్నమ్మ వాటినీ తుడిచింది.

మర్నాడు పొద్దున అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన అంబులెన్సును వార్డు ముందు ఆపలేదు. నేరుగా శవాల గదికి మళ్లించారు. పేరు విని నర్సు పాత కాగితాల కట్ట విప్పి చూసుకుంది. కాగితం ఉంది. ఏడూ ఉంది. అందరికీ నెమ్మది కలిగింది.

కిటికీ పక్క మంచం మీదికి ఇంకా ఎవరూ రాలేదు. పున్నమ్మ దుప్పటి మార్చబోయింది. ఆ వార్డులో దిండ్లు ఇవ్వరు. తలాపున, చేపల బుట్ట కింద నెత్తిన పెట్టుకునే పాతచీర చుట్ట, ఉప్పుకు బిగిసి, నడుమ తల ఆనిన చోట పల్లంగా ఉంది.