దేవవ్వ ఇంటికి వచ్చిన లైను

మంథని దాటాక కరెంటు స్తంభాలు ఎక్కడో ఆగిపోయాయి. ఆ అవతలి చిన్న ఊరిదాకా రాలేదు. అయినా 1987లో అక్కడ బల్బులు వెలిగాయంటే అది గోబర్ గ్యాస్ చలవ. దేవవ్వ పొద్దున్నే పశువులున్న ఇళ్లన్నీ తిరిగి పెండ, అంటే పేడ, మోసుకొచ్చేది. గ్యాసు ప్లాంటు తొట్టిలో వేసి, నీళ్లు పోసి చేతులతో కలిపేది. ఆ గ్యాసుతో ఇంజను నడిచి, పొద్దుగూకాక రెండు గంటలు ఊరు వెలిగేది. జీపుల్లో వచ్చిన పెద్దమనుషులు ముక్కులు మూసుకుని మరీ మెచ్చుకుని పోయేవారు.

దేవవ్వ ఇంట్లో మాత్రం బల్బు లేదు. పశువులున్న ఇంటికే లైను అని పంచాయతీ తీర్మానం. ఆమెకు బర్రె కాదు గదా, మేకపిల్ల కూడా లేదు. పెండ మోసినందుకు వచ్చే గింజలు ఒక పూటకే సరి. రెండో పూట కోసం కిరోసిన్ బుడ్డి ముందు బీడీలు చుట్టేది. చుట్టీ చుట్టీ కళ్లు మసకబారాయి. బీడీకి కట్టే దారాన్ని వేళ్లతో తడుముకోవలసి వస్తోంది. కట్టు వదులైన బీడీని కంపెనీ గుమాస్తా పక్కకు పారేస్తాడు.

ఒకరోజు సర్పంచ్ బాపురావును అడిగింది.

"దొరా, నాకూ ఒక్క బల్బు ఇయ్యరాదుండ్రి. కండ్లు కనవడ్తలేవు."

"పెండ ఇచ్చినోళ్లకే లైను దేవవ్వా. నువ్వేమిస్తున్నవ్?"

"మోసేది నేనే గద దొరా?"

"మోస్తే నీదైతదా?" అని బాపురావు నవ్వాడు.

దేవవ్వ ఇంటిదారి పట్టింది. తెల్లవారితే మళ్లీ గంప ఎత్తుకోవాలి కదా.

రెండేళ్లు అట్లాగే గడిచాయి. ఒక వానాకాలం ఆమె జ్వరంతో మంచం పట్టింది. కొట్టాల దగ్గర పెండ కుప్పలు పడింది కాని తొట్టిలో చెయ్యి పెట్టేవాడు లేడు. వారం తిరిగేసరికి బల్బులు ఆరిపోయాయి. బాపురావు భార్య లీలాబాయి దేవవ్వను చూడబోయింది. పట్టపగలు గడపలో కూర్చుని, ఒళ్లు కాలుతున్నా బీడీ చుట్టే తునికాకును వేళ్లతో తడుముకుంటున్న ఆమెను చూసి లీలాబాయి ప్రాణం ఉసూరుమంది. ఇంటికొచ్చి భర్తను నిలదీసింది.

"మన బర్రె పెండ ఏస్తదని మనకు వెల్తురా? గా పెండల చేతులు పెట్టేదానికి చీకటా? రేపటిసంది తొట్టి మీరే కలుపుండ్రి!"

బాపురావు పంచాయతీని పిలిచి తీర్మానం మార్పించాడు. జ్వరం తగ్గి దేవవ్వ మళ్లీ తొట్టి కలిపింది; నెల తిరక్కముందే ఆమె ఇంటికి వైరు లాగారు. బల్బు వెలిగిన సాయంత్రం లీలాబాయి వచ్చి పక్కన కూర్చుంది.

"మంచిగ కనవడ్తుందా దేవవ్వా?"

దేవవ్వ బీడీని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. దూరంగా పెట్టి చూసింది. చివరికి చేటలో పడేసింది.

"వెల్తురైతే కనవడ్తుంది దొరసానీ. దారమే కనవడ్తలేదు."

లీలాబాయి తల దించుకుంది. ఊరికి వెలుగు తెచ్చామని చెప్పుకునే పెద్దలు ఒక్కటి గుర్తుంచుకోవాలి: పెండలో చెయ్యి పెట్టిన మనిషి ఇంట్లోనే మొదటి బల్బు వెలగాలి, ఆ మనిషి కళ్లు పోకముందే వెలగాలి.