ఆవిరి పైపు మీద పచ్చి డబ్బా

పచ్చి తిండి తింటే ఇంట్లో ఆడవాళ్ళకి పని తప్పుతుందని ఎవరైనా అంటే, వాళ్ళు జన్మలో ఒక్క క్యారెట్టు తురిమిన పాపాన పోలేదని అర్థం. వంటైతే పొయ్యి మీద పడేసి, అది ఉడికేలోగా ఓ చీపురు అందుకోవచ్చు, లేదా ఓ క్షణం గోడకి చేరగిలబడొచ్చు. పచ్చిదానితో ఆ వీలు లేదు. దాన్ని కడగాలి, నానబెట్టాలి, మొలకెత్తించాలి, చెక్కు తియ్యాలి, తరగాలి, తురమాలి. ఇంతా చేసి నోట్లో పెట్టుకుంటే అక్కడ ఇంకో ఉద్యోగం మొదలు, నమలడం. పొయ్యి చెయ్యాల్సిన పనంతా పళ్ళే చెయ్యాలి.

ఆవిడకి ఈ సంగతి బాగానే తెలిసొచ్చింది. ఆవిడది ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రి గలేబులు పొద్దస్తమానం నిలబడి ఆవిరి యంత్రం కింద నొక్కాలి. మొగుడు అదే లాండ్రీలో బాయిలరు చూస్తాడు. ఏళ్ళ తరబడి దానికి నిప్పూ నీళ్ళూ చూస్తున్నవాడు కాబట్టి అందరూ బాయిలరు మేస్త్రి అంటారు. రోజంతా నిప్పుతో కాపరం చేసే ఆ మనిషి, నిప్పు తగిలిన మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. లాండ్రీలో దానికి నవ్వనివాళ్ళు లేరు. నవ్వనిది ఆవిడొక్కతే.

ఆ ఒట్టు ఎక్కడ మొదలైందో ఆవిడకి తెలుసు. ఆయన తండ్రి యాభై నిండకుండానే గుండె ఆగి పోయాడు. పోయినేడు అన్నగారు, ఇంచుమించు అదే వయసులో, స్నానానికి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. తలుపు బద్దలుకొట్టింది ఈయనే. ఆ తర్వాత ఎవరో ఆరోగ్యం మీద ఉపన్యాసం ఇస్తుంటే వెళ్ళి విన్నాడు. నిప్పు తగిలితే తిండిలో ప్రాణం పోతుందట. ప్రాణం లేనిది తినేవాడికి ఆయువు ఎక్కణ్ణించి వస్తుందట. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి పొయ్యి ఎత్తి అటక మీద పెట్టేశాడు.

"రేపట్నించి మనం పచ్చివే తిందాం," అన్నాడు.

ఆ "మనం" అన్న మాటకి ఆవిడకి ఒళ్ళు మండింది. కానీ ఆయన మొహం చూసి నోరు మెదపలేదు. మనిషి అంతగా భయపడిపోయి ఉంటే ఏమని వాదిస్తుంది?

ఇక చూడండి ఆవిడ పాట్లు. తెల్లవారకుండా లేచి తురమడం, సాయంత్రం కాళ్ళు పీకుతుండగా ఇంటికొచ్చి మళ్ళీ తురమడం. పక్కింటావిడ "నీకేమమ్మా, పొయ్యి దగ్గర మాడే పని లేదు, అదృష్టవంతురాలివి" అన్నప్పుడల్లా ఆ తురుముపీట తీసుకెళ్ళి ఆ మహాతల్లి చేతిలో పెట్టి రావాలనిపించేది. అంత ఓపిక కూడా ఉండేది కాదు.

ఆయన సంగతి ఇంకా అన్యాయం. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడేది. మండే బాయిలరు పక్కన నిలబడి కూడా స్వెట్టరు వేసుకునేవాడు. ఒంటిచేత్తో తిప్పే వాల్వుకి రెండు చేతులూ వేసేవాడు. నూరేళ్ళు బతుకుతానని కూర్చున్న మనిషి కళ్ళముందే సగమైపోతుంటే చూడటం ఆవిడకి తురమడం కన్నా కష్టంగా ఉండేది. డాక్టరు దగ్గరికి పదమంటే వినడు. కాస్త వేడన్నం తినమంటే మొహం తిప్పుకుంటాడు. ఎలాగైనా ఈ మనిషి కడుపులో ఉడికిన ముద్ద పడాలి, అదొక్కటే చాలు అనుకునే స్థితికి వచ్చేసింది.

ఆ లాండ్రీలో ఒక అలవాటుంది. ఇస్త్రీ యంత్రాల వెనక, గోడవారగా ఆవిరి పైపు వెళ్తుంది. పొద్దున ముందొచ్చినవాళ్ళు అందరి స్టీలు డబ్బాలూ దాని మీద వరసగా పేర్చి, పైన చిరిగిన దుప్పటి ఒకటి కప్పుతారు. మధ్యాహ్నానికి తిండి పొగలు కక్కుతుంటుంది. మొగుడూ పెళ్ళాల డబ్బాలు రెండూ మాత్రం కిటికీలో విడిగా, వెలివేసినట్టు ఉండేవి.

దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర కొత్తగా ఒకావిడ చేరింది. రెండోరోజుకే మడతలక్క అయిపోయింది. మంచి మనసు, ఊరుకోని చెయ్యి. కిటికీలో ఆ రెండు డబ్బాలూ చూసి, అయ్యో, వీటిని మర్చిపోయారే అనుకుని, తీసుకెళ్ళి పైపు బాగా కాలే మలుపు దగ్గర పెట్టి దుప్పటి కప్పేసింది.

మధ్యాహ్నం ఆవిడ మూత తీసేసరికి మొహానికి ఆవిరి కొట్టింది. క్యారెట్టు మెత్తబడింది. మొలకలు ఉబ్బి విచ్చుకున్నాయి. తలెత్తి చూస్తే ఎదురుగా ఆయనా మూత తీసి ఉన్నాడు. చెంచాడు నోట్లో పెట్టుకుని ఆగాడు. అయిపోయింది, ఇప్పుడు విసిరికొడతాడు అనుకుంది. ఆయన నమిలాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు. అడుగంటా గీకి తిని మూత పెట్టాడు.

"ఇవాళ క్యారెట్టు లేతది," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

"ఆ, లేతదే," అంది ఆవిడ.

ఆవిడ మడతలక్కకి ఏమీ చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. డబ్బాలు రోజూ ఆ మలుపు దగ్గరే కూర్చున్నాయి. కొన్నాళ్ళకి ఆవిడ తెగించి బంగాళాదుంప తురుము కూడా వేసి, నాలుగు చుక్కల నీళ్ళు చల్లి పెట్టింది. బంగాళాదుంప పచ్చిగా ఎవరైనా తింటారా అని ఆయన అడగలేదు.

నెల తిరిగేసరికి ఆయన మొహం తేటపడింది, స్వెట్టరు మేకుకెక్కింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆ బలమంతా పచ్చి తిండి మహిమేనని, పొగలు కక్కే డబ్బా ముందు పెట్టుకుని అందరికీ ఉపన్యాసాలు మొదలెట్టాడు. వినేవాళ్ళు ఒకరినొకరు మోచేతుల్తో పొడుచుకునేవారు. ఆవిడ తల వంచుకుని తినేది. ఇంటికెళ్ళాక మాత్రం అసలు సిసలైన పచ్చివే. తురుముడు ఒక్కపూట కూడా తప్పలేదు. ఆయన తింటున్నాడు కదా, అంతే చాలని సరిపెట్టుకుంది. సరిపెట్టుకోవడానికి కూడా ఓపిక కావాలి.

ఇంతలో బాయిలరు ఆర్పే రోజులు వచ్చాయి. ఏడాదికోసారి దాన్ని చల్లార్చి, మూత విప్పి, లోపలికి దూరి, పేరుకున్న సున్నం గీకాలి. ఆ రోజుల్లో ఇస్త్రీ ఉండదు. ఆడవాళ్ళు చిరుగులు కుట్టుకుంటూ కూర్చుంటారు. పైపు చల్లగా పడి ఉంటుంది. తక్కినవాళ్ళు చల్లారిన తిండి గొణుక్కుంటూ తిన్నారు. ఆయన మొదటిరోజు సగం వదిలేశాడు. మర్నాడు ఇంకా ఎక్కువ వదిలేశాడు. ఆ మర్నాడు చెంచా పక్కన పెట్టి, డబ్బా తోసేశాడు.

"క్యారెట్టు ముదిరింది. కాస్త చూసి కొనొచ్చుగా?"

అంతే, ఆవిడకి ఇన్నాళ్ళదీ ఒక్కసారి పొంగుకొచ్చింది.

"క్యారెట్టు ముదరలేదండీ. పైపు చల్లారింది!"

బల్ల చుట్టూ తలలన్నీ డబ్బాల్లోకి వంగాయి. మడతలక్క, తను చేసిన ఘనకార్యం ఇంతదాకా వచ్చిందా అన్నట్టు, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన లేచి బాయిలరు గదికి వెళ్ళిపోయాడు.

ఆవిడ కాసేపు కూర్చుని, వెనకే వెళ్ళింది. ఆయన అప్పటికే బాయిలరులోకి దూరాడు. గుండ్రటి రంధ్రంలోంచి గీకుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. ఆవిడ ఆ రంధ్రం పక్కన నేలమీద కూలబడింది.

"అందరి ముందూ అన్నాను. తప్పే," అంది.

గీకుడు ఆగింది.

"నాకు తెలుసులే," అన్నాడు లోపల్నించి. "మొదటిరోజే తెలుసు. ఆవిరి సంగతి నాకు తెలీదా?"

"తెలిసి మరి ఈ నాటకమెందుకండీ? ఇంట్లో నా చేత ఈ తురుముడెందుకు?"

లోపల గీకుడు మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగింది.

"భయమే," అన్నాడు చివరికి. "పచ్చివి తింటున్నా అనుకుంటేనే నాకు నిద్ర పడుతుంది. మానేశాక ఏదైనా అయితే, చేజేతులా చేసుకున్నట్టేగా? నేను పోతే నువ్వెట్లా ఉంటావ్?"

"ఏడుస్తాను," అంది ఆవిడ. "మీరు పోతే ఏడుస్తాను. మీరుండగానే రోజూ ఏడుస్తున్నాను, తెలుసా? ఉల్లిపాయలనుకుంటున్నారు మీరు. నేను అలిసిపోయానండీ. మీరు నూరేళ్ళు బతకాలనే నాకూ ఉంది. కానీ ఇట్లా నూరేళ్ళు నావల్ల కాదు."

లోపల్నించి సున్నం కొట్టుకుపోయిన చెయ్యి ఒకటి బయటికొచ్చింది. ఆవిడ దాన్ని పట్టుకుని లాగింది. ఆయన బయటపడి, దులుపుకోకుండానే పక్కన కూర్చున్నాడు.

ఆ సాయంత్రం పొయ్యి అటక దిగింది. ఆవిడ అన్నం వండింది, నాలుగు బంగాళాదుంపలు వేయించింది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి గిన్నె మూత ఎగిరెగిరిపడటం చూస్తూ ఉన్నాడు. పళ్ళెం ముందు కూర్చుని ముద్ద కలిపాడు గానీ, చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. డబ్బానైతే పైపు మీద ఎవరో పెట్టారని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాడు. ఇది తన కళ్ళెదుట ఉడికింది, బుకాయించే వీల్లేదు.

"ఏమీ కాదుగా?" అన్నాడు.

ఆవిడకి మాత్రం ఏం తెలుసు? ఆ తండ్రికి గుండె ఎందుకాగిందో, ఆ అన్నకి ఎందుకాగిందో, ఈయనది ఎన్నాళ్ళు కొట్టుకుంటుందో ఎవరు చెప్పగలరు? పొద్దున్నించీ నడుము విరిగిపోతోంది. ఎవరైనా వచ్చి తనకీ ఆ ఒక్క మాట చెబితే బాగుండుననిపించింది. ఎవరూ రారు.

"ఏం కాదు. తినండి," అంది.

ఆయన తిన్నాడు. ఆ ముద్ద గొంతు దిగేదాకా చూసి, ఆవిడ తన పళ్ళెంలో అన్నం పెట్టుకుంది.