రెండు కార్డులు, ఒకే గడియారం

1996 జూలై పన్నెండు, శుక్రవారం. రాత్రి మిగిలిన జొన్నరొట్టె పచ్చిపులుసులో ముంచుకుని స్టవ్వు పక్కన నిలబడే తిన్నాను. ఆ వారమంతా ముద్ద కంటే ముందు కోపమే గొంతులో ఉండేది.

యూనివర్సిటీ ల్యాబులో మా పని ఇనుప దూలాన్ని సుత్తితో తడుతూ, అది ఎలా వణుకుతుందో కంప్యూటరులోకి ఎక్కించడం. దెబ్బలను కంప్యూటరులో బిగించిన ఒక కార్డు పట్టుకుంటుంది, వణుకును ఇంకో కార్డు. రెండు గీతలూ కలిసి నడవాలి. నావి పోను పోను విడిపోయాయి. మా గైడు సుబ్బరాయుడు గారు అందరి ముందూ నవ్వారు. "జ్యోతిర్మయి మనసంతా నల్లా దగ్గరే ఉంటుంది. రీడింగులు ఇలాగే వస్తాయి మరి. సోమవారం సెమినారు నరేందర్ ఇస్తాడులే." రెండేళ్ళుగా ఆ పని నాది. నరేందర్ మొన్న చేరిన జూనియరు.

అయిదు కాగానే తార్నాకలో ఇంటికి పరిగెత్తే మాట నిజమే. నల్లాలో నీళ్ళు వదిలేది అప్పుడే. నాకంటే ముందే ఇల్లు చేరిన నా భర్త భూపాల్ పేపరు చదువుతుంటే, బిందెలు నింపేది నేను. గైడు మాట చెబితే, "సార్ తప్పేమన్నడు? నీ దిమాక్ ఇంట్లనే ఉంటది" అన్నాడు. అంతకు ముందు పప్పు మాడినప్పుడు "నీ దిమాక్ ల్యాబులనే ఉంటది" అన్నదీ ఆయనే. నా బుర్ర ఎక్కడుందో వాళ్ళిద్దరికీ తెలుసు, నాకే తెలియదు!

నిజానికి ఒక్కో కార్డు తన సొంత గడియారంతో కొలుస్తోంది. రెండింటికీ వెంట్రుకవాసి తేడా, అదే పోను పోను పెరుగుతోంది. ఆ శుక్రవారం రెండో కార్డును దాని గడియారం మీది నుంచి తప్పించి, మొదటి దాని టిక్కునే వైరుతో దానికీ అందించాను. గీతలు చివరిదాకా కలిసి నడిచాయి.

సుబ్బరాయుడు గారు వంగి చూశారు. "చూశావా! మనసు పెడితే ఎలా వస్తుందో."

వైరు పీకేసి, రెండు కార్డులనూ మళ్ళీ వాటి వాటి గడియారాల మీదికి మార్చాను. "నరేందర్, నువ్వు చెయ్యి" అని దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాను. అతను ఎంతో శ్రద్ధగా చేశాడు. గీతలు విడిపోయాయి.

"ఇతని మనసు ఏ నల్లా దగ్గరుంది సార్?"

నరేందర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మా హాస్టల్ల నల్లా నీళ్ళే సక్కగ రావు సార్. సెమినార్ ఈ అక్కదే. ఆడ నన్నేమన్న అడిగితే నేనేం చెప్త?"

ఆ మాటకు నా కళ్ళు తడిశాయి. సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "సెమినారు అయిదున్నరకమ్మా. మీవారు ఒప్పుకుంటారా?"

"అది నాదని మీరు చెప్పండి సార్. ఇంట్లో నేను చెప్పుకుంటాను."

"సరే. నీదే."

ఆ సాయంత్రం బిందె ఎత్తుతూ భూపాల్‌తో అన్నాను. "సోమవారం నాకు లేటయితది. నీళ్ళు మీరే పట్టాలె."

"నేనా? గల్లీల ఆడోళ్ళంత నవ్వుతరు."

"నవ్వనియ్యిండ్రి."

లోపలి గదిలో కూర్చుని సెమినారు రాసుకోవడం మొదలుపెట్టాను. ఆయన రెండుసార్లు గుమ్మందాకా వచ్చి వెళ్ళాడు. ఆకలి ఆగలేదేమో, కాసేపటికి వంటింట్లో డబ్బాలు మోగాయి.

"ఏయ్, బియ్యం ఏ డబ్బల ఉన్నయి?"

"మూతలు తీసి చూస్కోండ్రి" అన్నాను. లేచి, ఆ రాత్రికి గది తలుపు మెల్లగా వేసుకున్నాను.