మన్నూబియా అల్లిన టోపీలు

ఏటా చలికాలం మొదట్లో వ్యాపారి మిఫ్తాహ్ లిబియాలోని బెంఘాజీ నుంచి ట్యూనిస్ వచ్చి, పాతబస్తీలో హమ్మాది దుకాణంలో ఉన్ని టోపీలు కొనుక్కెళ్ళేవాడు. హోటల్లో మొహం కడుక్కోవడం, హమ్మాది ఇచ్చిన కాఫీ తాగడం, ఒక్కో టోపీ తలకు పెట్టి చూసుకోవడం. కొలత కోసం కాదు. అల్లేటప్పుడు అల్లినామె ఏం తలచుకుందో అది పెట్టుకున్నవాడి తలలోకి వస్తుంది. చాలామంది కూరల గురించో, ఆడపడుచుల గురించో తలచుకుంటారు. కొనేవాళ్ళకు అది అలవాటే.

ఈసారి మిఫ్తాహ్ ఫిర్యాదుతో వచ్చాడు. మన్నూబియా అనే ఆమె అల్లినవి బెంఘాజీలో వెనక్కి వస్తున్నాయి. మొగుడు తిజానీ ఆమెను కొడతాడు. ఆ దెబ్బలన్నీ టోపీల్లో ఉన్నాయి. నమాజుకెళ్ళిన ముసలాళ్ళు మెడ తడుముకుంటున్నారట. ఒక పెళ్ళికొడుకు ఊరేగింపు మధ్యలో మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడట. అయ్యో పాపం అన్నవాళ్ళు కూడా టోపీ తిరిగిచ్చేశారు.

ఆ సంగతి బజారంతా ఎరిగిందేనని, అయినా చేతిపనిలో ఆమెను మించినవాళ్ళు లేరని హమ్మాది అన్నాడు.

అంతలో తిజానీయే వచ్చాడు, భార్య కొత్తగా అల్లిన తెల్లటోపీల సంచి భుజాన వేసుకుని. మర్యాద తెలిసిన మనిషి. మిఫ్తాహ్‌ని కౌగిలించుకుని పిల్లల క్షేమం పేరుపేరునా అడిగాడు. అతనెప్పుడూ భార్య అల్లిన టోపీ పెట్టుకోలేదు. ఎందుకని హమ్మాది అడిగితే నవ్వాడు.

"ఇంట్లో దాని సొద చాలదా అన్నా? బయట కూడా నెత్తిన పెట్టుకు తిరగమంటావా?"

సంచిలోంచి ఒకటి తీసి మిఫ్తాహ్ పెట్టుకున్నాడు. ఇంకా తడిపి, తొక్కి, తల కొలతకు బిగించని టోపీ కదా, ముక్కుదాకా జారింది. ఆ ఉన్ని చీకట్లో దెబ్బల్లేవు. శుక్రవారం. తిజానీ మసీదుకు వెళ్ళగానే బయల్దేరాలి. బట్టలు ఉన్ని గోనె అడుగున ఉన్నాయి. బిజెర్త్ ఊళ్ళో బండి దిగితే అక్క వచ్చి నిలబడి ఉంటుంది. అల్లిక వరసవరసకీ ఇదే మాట.

టోపీ తీసేసరికి ఎదురుగా తిజానీ మొహం.

"ఏమంటోంది హాజీ గారూ?"

"ఏముంది, ఇంటిపనులు," అన్నాడు మిఫ్తాహ్.

ఆ సంచి తనే కొనేస్తే సరిపోయేది. కొందామనీ అనుకున్నాడు. కానీ కొని ఏం చేసుకోవాలి? వాళ్ళ సంసారం వాళ్ళది, తను రేపు విమానం ఎక్కేవాడు. ఈమె అల్లినవి ఇక వద్దని చెప్పేశాడు. హమ్మాది సంచి మూతి కట్టి తిజానీకే తిరిగిచ్చాడు.

బయట వాన పట్టుకుంది. తిజానీ సందు మలుపు దాకా పరిగెత్తి, అక్కడ ఆగి, సంచిలోంచి ఒక టోపీ తీసి తలకు లాక్కోవడం మిఫ్తాహ్ గుమ్మంలోంచి చూశాడు. పిలుద్దామని నోరు తెరిచాడు. పిలవలేదు. తిజానీ వానలో అలాగే నిలబడిపోయాడు. తర్వాత టోపీ తియ్యకుండానే, తొందరేం లేనట్టు ఇంటివైపు నడిచాడు.

మరుసటేడు మిఫ్తాహ్ ఆమె గురించి అడగలేదు. హమ్మాదియే చెప్పాడు. మన్నూబియా ఆ ఇంట్లోనే ఉంది. కుడిచేతి వేళ్ళు వంగవు. అల్లిక మానేసింది.

"ఇది కొత్తామె పని. చూడు," అంటూ ఒక టోపీ ముందుకు జరిపాడు.

మిఫ్తాహ్ పెట్టుకున్నాడు. మబ్బు పడుతోంది, ఆరేసిన బట్టలు తియ్యాలి అనుకుంటోంది ఎవరో ఒకామె. ఇంకేం లేదు.

"ఇవి బాగున్నాయి," అన్నాడు. ఎప్పటికన్నా రెండు పెట్టెలు ఎక్కువే తీసుకున్నాడు.