మార్తా వాటా

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, చేపలమ్మే కాశమ్మ తట్ట చంకన పెట్టుకుని బడి మెట్ల దగ్గరకు వచ్చి నిలబడింది. శ్రీరామ్మూర్తి మేష్టారు వరండాలో కూర్చుని పిల్లల పుస్తకాలు దిద్దుతున్నారు. భార్య సుధారాణి పోయి నాలుగు నెలలైంది. అప్పటి నుంచి ఆయన ఆదివారాలన్నీ బడిలోనే గడుస్తున్నాయి.

"మేష్టారూ, వల ఆగిపోనాది."

"ఏమైంది కాశమ్మా?"

"మీ మార్తమ్మ పొద్దున్న మాతోటి తాడు లాగినాది. బానే లాగినాది, సేతులు బొబ్బలెక్కిపోనాయి. తీరా వాటా ఎడితే ఒల్లనంతాది. నవ్వుతాది, దండం ఎడతాది, ఎనక్కి జరిగిపోతాది."

మార్తాది డెన్మార్కు. ఆరు నెలలపాటు జీతం లేకుండా పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి మూడు నెలల క్రితం ఈ పేటకు వచ్చింది. ఇక్కడ ఒడ్డు నుంచి లాగే పెద్దవల తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ వాటా ఉంటుంది, దారిన పోయేవాడైనా సరే. ఆ వాటా ఇసుక మీద నుంచి లేచేదాకా వల మళ్లీ నీళ్లలోకి దిగదు. వదిలేసిన వాటా ఒడ్డున ఉండగా వల వెయ్యడం గంగమ్మకు కోపమని వాళ్ల నమ్మకం.

"కానాగంత సేపల గుంపు ఒడ్డుకి దగ్గరగా ఉన్నాది. ఎండెక్కితే ఎల్లిపోద్ది. పదారు మంది సేతులు ముడుసుకు కూకున్నారు. ఆ పిల్ల మాట మాకు తెల్దు, మా మాట ఆ పిల్లకి తెల్దు. మీరొచ్చి సెప్పండి బాబూ."

మేష్టారు ఎర్రసిరా పెన్నుకు మూత పెట్టి లేచారు.

ఒడ్డున తడి గోనె మీద ఎనిమిది కానాగంతలు ఉన్నాయి. మార్తా పడవ నీడన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. వల సొంతదారు నూకాలు బీడీ ఆర్పి, "మా సేపలు కంపు కొడతన్నాయా ఏటి మేష్టారూ, దొరసానికి?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నూకాలు నవ్వలేదు.

ఎందుకు తీసుకోలేదని మేష్టారు ఇంగ్లీషులో అడిగారు.

"మీరే కదా చెప్పారు," అంది మార్తా. "నేను వచ్చిన రోజే. వీళ్లు లేనివాళ్లు, ఎవరేమిచ్చినా తీసుకోవద్దని."

ఆయనకు గుర్తొచ్చింది. బస్సు దిగిన పిల్లకు మొదట చెప్పిన మాట అదే. అప్పటికి సుధారాణి పోయి నెల. పేట ఆడవాళ్లు తన గుమ్మంలో పెట్టిన కూరగిన్నెలన్నీ మూత తియ్యకుండానే తిప్పి పంపుతున్న రోజులు.

"తప్పు నాది నూకాలూ," అన్నారు. "తీసుకోవద్దని నేనే చెప్పాను."

"మీరా? ఎందుకూ?"

"తెలియక," అన్నారు.

"పందొమ్మిదేళ్లు మా వాటా తిన్నారు, తెలీకేటి," అంది కాశమ్మ. "ఆదివారం వస్తే తాడట్టుకునేవోరు. అమ్మగారు గిన్నట్టుకుని ఇక్కడే నిలబడేవోరు."

దూరంగా ఉక్కు ఫ్యాక్టరీ పొగ నిలువుగా లేస్తోంది.

మేష్టారు మార్తా వైపు తిరిగి, "నేను చెప్పింది తప్పు. అది వాళ్లిచ్చే దానం కాదు, నీ పని. తీసుకో," అన్నారు.

"నాకు చేపలు బాగుచెయ్యడం రాదు."

"నాకూ రాదు."

ఆ మాట ఆయనే తెలుగులో కాశమ్మకు చెప్పారు. "ఇద్దరికీ రాపోతే నానెందుకున్నాను," అంది ఆమె.

మార్తా తన టోపీలోకి ఎనిమిది చేపలూ ఎత్తుకుంది. నూకాలు ఈల వేశాడు. పడవ అలల్లోకి కదిలింది. తాడు మొదలు ఒడ్డునే ఉంది. మార్తా దాన్ని మళ్లీ అందుకుంది. మేష్టారు చెప్పులు విడిచి, కళ్లద్దాలు జేబులో పెట్టుకుని, మార్తా వెనకాల తాడు పట్టుకున్నారు.

వల ఒడ్డు చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. నూకాలు ఒక్కో కుప్పా ఇసుక మీద వేసుకుంటూ వచ్చి మేష్టారి ముందు కూడా ఒకటి వేశాడు. ఆయన గిన్నె తేలేదు. పందొమ్మిదేళ్లలో ఏనాడూ తేలేదు. జేబురుమాలు తీసి చూశారు, చాలదు.

కాశమ్మ తన తట్టలోంచి సత్తుగిన్నె తీసి ఆయన ముందు పెట్టింది.

"రేపు కడిగి ఇచ్చియ్యండి," అంది.