గేటు దగ్గర రెండు సెకన్లు

జమ్మలమడుగులో నాగమునిరెడ్డి ఇంటి గేటును ఇరవై ఎనిమిదేళ్లుగా తెరుస్తున్నది ఖాదరే. రెడ్డి గేటు ముందు ఆగి నిలబడడం ఫ్యాక్షన్ రోజుల్లో ప్రమాదం, ఇప్పుడు పార్టీలో నామోషీ. మోకాళ్లు పట్టేసిన ఖాదర్, ఎర్రగుంట్లలో ఉన్న కూతురు సకీనా దగ్గరికి వెళ్లిపోతానన్నాడు. గేటు దానంతటదే సరిగా తెరుచుకుంటేనే పొమ్మన్నాడు రెడ్డి.

ఇడుపులపాయలో ఇంజనీరింగ్ చదివి, ప్రొద్దుటూరులో ఇలాంటి పరికరాలు చేసే అరుణకుమారి వచ్చి గేటుకు వేలిముద్ర పెట్టె బిగించింది. మూడోరోజు రెడ్డి భార్య రామసుబ్బమ్మ, ఆయనతో కలిసి నూనె మిల్లు నుంచి వచ్చి, నూనె అంటిన వేలు అలాగే పెట్టింది. ముద్రను చదివే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అది తికమకపడి పెట్టె మొత్తాన్నీ పడేసింది. గేటు, లైట్లు, కెమెరా అన్నీ బిగుసుకుపోయాయి. లోపలి నుంచి ఖాదర్ లాగినా గేటు కదల్లేదు. గంటసేపు మొగుడూపెళ్లాలిద్దరూ వీధిలోనే. ఎదురింట్లోనే ఉండే ఎదురు పార్టీ వాళ్ల దగ్గర్నుంచి రెండు కుర్చీలు వచ్చాయి, ఆ వెనకే టీ వచ్చింది. రెడ్డి ముట్టలేదు. రామసుబ్బమ్మ కూర్చుని తాగింది.

ఖాదర్ సర్దుకున్న సంచి విప్పేశాడు.

అరుణకుమారి మళ్లీ వచ్చి, డ్రైవర్‌ను, పెట్టె మొత్తాన్నీ నడిపే కెర్నెల్ అనే లోపలి భాగం నుంచి తీసి మామూలు ప్రోగ్రాముల పక్కన పెట్టింది. ఇక అది పడిపోతే అదొక్కటే పడుతుంది, మళ్లీ లేస్తుంది, మిగతావి ఆగవని చెప్పింది. కాకపోతే బయట ఉన్న డ్రైవర్ ప్రతిదానికీ లోపల అనుమతి అడగాలి, కెమెరా పనిలో ఉంటే తన వంతు కోసం ఆగాలి. గేటు తెరుచుకోవడానికి రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది.

"ఆ కాలంలో అయితే రెండు సెకన్లకు రెండు బాంబులు పడేవి పాపా," అన్నాడు రెడ్డి.

"ఖాదరు స్టూలు మీంచి లేసి, చెప్పులేసుకోని వచ్చేతలికి ఎంతసేపయ్యేది?" అంది రామసుబ్బమ్మ. "అప్పుడు యాడికి పోయినాయి నీ సెకన్లు?"

రెడ్డి గేటు పక్కనున్న స్టూలు వైపు చూశాడు.

"వాడు వస్తాండేది నాకు కనపడ్తాండె," అన్నాడు.

అరుణకుమారి ఆ మాట పట్టుకుంది. వేలు ఆనగానే వెలిగే పచ్చలైటు పెట్టింది. దాన్ని వెలిగించే చిన్న ముక్కను మాత్రం కెర్నెల్‌లోనే ఉంచింది. అది ముద్రను చదవదు కనుక తడబడడానికి అందులో ఏమీ లేదు.

రెడ్డి వేలు పెట్టాడు. లైటు వెలిగింది, తర్వాత గేటు కదిలింది. రామసుబ్బమ్మ చేత నూనె వేలు పెట్టించాడు. గేటు తెరుచుకోలేదు గానీ కెమెరా, లైట్లు ఆగలేదు. ఆమె వేలు తుడుచుకుని మళ్లీ పెట్టేసరికి గేటు తెరుచుకుంది. ఖాదర్ సంచి మళ్లీ సర్దుకుని భుజాన వేసుకున్నాడు. రెడ్డి అతన్ని ఎర్రగుంట్ల దాకా కారులో పంపించాడు.

మరుసటి వారం, ఎదురింటివాళ్లు అరుగు మీద నుంచి చూస్తుండగా రెడ్డి పెట్టె మీద వేలు ఆనించాడు. పచ్చలైటు వెలిగింది.

"నిదానంగా రాప్పా," అన్నాడు గేటుతో.